చెయ్యి ఉంది, పని పోయింది: బీమా ఏమంటుంది?

వైద్యులు, దంతవైద్యులు తమ సంపాదనకు బీమా గురించి అడిగిన ప్రశ్నలకే ఈసారి శీర్షికంతా కేటాయించాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు తీసేసి ఇస్తున్నాం.

ప్రశ్న: కర్నూలు ఎన్.ఆర్. పేటలో నాకు సొంత డెంటల్ క్లినిక్ ఉంది. వయసు 38. రూ.50 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకున్నాను. "మేడమ్, చేతికి ఏమైనా సరే, మీరు పళ్ల పని చేయలేకపోతే మొత్తం డబ్బు వస్తుంది" అని ఏజెంటు చెప్పాడు. ఏడాదిగా కుడి మణికట్టులో తిమ్మిరి ఉంది. నరం నొక్కుకుపోతోందన్నారు. ఈ పాలసీ నాకు పనికొస్తుందా?
– దంతవైద్యురాలు, కర్నూలు

జవాబు: మీ ఏజెంటు చెప్పినది మీ పాలసీలో ఉండే అవకాశం చాలా తక్కువమ్మా. ఆయన చెప్పిన రక్షణను బీమా భాషలో ఓన్ ఆక్యుపేషన్ అంటారు. అంటే, మీరు చేస్తున్న ఆ ఒక్క వృత్తి చేయలేకపోతే చాలు, ఇంకేం చేయగలిగినా డబ్బిస్తారు. దీనికి ఎదురుగా ఉన్నది ఎనీ ఆక్యుపేషన్. ఏ పనీ చేయలేని స్థితి వస్తేనే డబ్బు. మన దగ్గర అమ్ముడయ్యే ప్రమాద బీమాల్లో శాశ్వత సంపూర్ణ వైకల్యాన్ని ఎక్కువగా ఈ రెండో పద్ధతిలోనే నిర్వచిస్తారు. కాలేజీలో పాఠం చెప్పగలిగే దంతవైద్యురాలు ఆ నిర్వచనంలో "సంపూర్ణ వైకల్యం" కిందికి రాదు.

పాలసీ కాగితాల్లో నిర్వచనాల పేజీ తీసి, శాశ్వత సంపూర్ణ వైకల్యం అనే మాట ఎదురుగా ఏముందో చూడండి. అక్కడ "ఏ ఉద్యోగమైనా, ఏ వృత్తయినా" అనే అర్థం వచ్చే మాట ఉంటే ఏజెంటు మాటకు విలువ లేదు. అలా కాకుండా "ప్రమాదానికి ముందు చేస్తున్న వృత్తి" అని ఉంటే మీకు మంచి పాలసీ దొరికినట్టే. ఆ ఒక్క వాక్యం మీదే అంతా నడుస్తుంది. బ్రోచర్‌లో ఉందనో, వాట్సాప్‌లో పంపారనో ఊరుకోవద్దు. పాలసీ వర్డింగ్‌లో ఉన్నదే లెక్క.

ఇక పాక్షిక వైకల్యం సంగతి. దీనికి ఒక పట్టిక ఉంటుంది. చాలా పాలసీల్లో సంప్రదాయంగా వస్తున్న పట్టిక ప్రకారం చేతి బొటనవేలి రెండు కణుపులూ పోతే బీమా మొత్తంలో 25 శాతం, ఒక కణుపు పోతే 10 శాతం. చూపుడువేలు మూడు కణుపులూ పోతే 10, మధ్యవేలు 6, ఉంగరపువేలు 5, చిటికెనవేలు 4. ఒక చెయ్యి పోతే 50. మీ రూ.50 లక్షల మీద చూపుడువేలికి వచ్చేది రూ.5 లక్షలు, బొటనవేలికి రూ.12.5 లక్షలు. ఈ పట్టికకు వృత్తితో పని లేదు. చూపుడువేలు లేని గుమాస్తాకూ, చూపుడువేలు లేని దంతవైద్యురాలికీ ఒకే 10 శాతం. ఒకరు మరుసటి నెల ఆఫీసుకు వెళ్తారు, మరొకరు పళ్లు తొలిచే హ్యాండ్‌పీస్ పట్టుకోలేరు. మాకు ఈ పట్టికలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

దంతవైద్యుల విషయంలో ఇంకో చిక్కుంది. వేలు తెగిపోనక్కరలేదు. గాజు కోసుకుని మణికట్టు దగ్గర మీడియన్ నరం తెగితే వేళ్లన్నీ ఉంటాయి, వేలికొసల స్పర్శ పోతుంది, బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రావడం మానేస్తుంది. రూట్ కెనాల్‌లో ఫైల్ (పంటి లోపల శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి పరికరం) ఎక్కడ పట్టుకుందో చెప్పేది ఆ స్పర్శే కదా. కానీ "పోవడం" అంటే శరీరం నుంచి విడిపోవడమేనని రాసుకున్న పాలసీలో మీకు రూపాయి రాదు. "పూర్తిగా, శాశ్వతంగా వాడుక పోవడం" అని కూడా రాసి ఉంటే వాదించవచ్చు. పట్టిక చివర "ఇతర శాశ్వత పాక్షిక వైకల్యం: వైద్యుడు నిర్ధారించిన శాతం" అనే వరస ఉందేమో చూడండి. నరాలు, కీళ్లు బిగుసుకోవడం, పట్టు తగ్గడం లాంటివన్నీ ఆ వరసలోంచే రావాలి. అది లేని పాలసీని దంతవైద్యులకు మేము సిఫార్సు చేయం.

ఇప్పుడు మీ తిమ్మిరి. ప్రమాదమంటే బయటినుంచి, కంటికి కనబడేలా, బలంగా, అకస్మాత్తుగా, మన ప్రమేయం లేకుండా జరిగిన సంఘటన అని బీమా నియమాల్లో నిర్వచనం ఉంది. ఏళ్ల తరబడి మణికట్టు వంచి పనిచేయడంవల్ల నరం నొక్కుకుపోవడం, మెడ ఎముకలు అరగడం, గ్లవ్స్‌లోని లేటెక్స్ పడక చేతుల చర్మం పాడవడం, చెయ్యి వణకడం ఇవేవీ ఆ నిర్వచనంలోకి రావు. డెంటల్ కుర్చీ పక్కన మనుషుల్ని పని మాన్పించేవి ఎక్కువగా ఇవే. వీటికి నెలనెలా ఆదాయమిచ్చే ఓన్ ఆక్యుపేషన్ పాలసీ అమెరికాలో మామూలుగా దొరుకుతుంది. మన దగ్గర వ్యక్తులు వెళ్లి కొనుక్కునేలా సాధారణంగా దొరకదు. జబ్బు వైపు కొంత ఆసరా, జాబితాలోని తీవ్రమైన జబ్బులకు డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. దాని సంగతి చివరి జవాబులో రాశాం. మీ మణికట్టు సమస్య మాత్రం దాని జాబితాలోనూ ఉండదు.

అందుకని మీకు మిగిలేది నగదు నిల్వ. ఒక లెక్క చూపిస్తాం, మీ అంకెలు వేసుకోండి. క్లినిక్ అద్దె 25 వేలు, ఇద్దరు సహాయకులకు 24 వేలు, కుర్చీ, ఎక్స్‌రే మీద బ్యాంకు వాయిదా 38 వేలు, కరెంటు, వ్యర్థాల సేకరణ వగైరా 8 వేలు. మొత్తం నెలకు 95 వేలు. ఇంటి ఖర్చు 60 వేలు. క్లినిక్ తలుపు మూసినా ఈ రూ.1.55 లక్షలు ఆగవు. నరానికి ఆపరేషన్ చేయించుకుని, పట్టు తిరిగొచ్చేవరకు ఆగాల్సి వస్తే రెండు మూడు నెలలు సులువుగా పోతాయి. ఆరు నెలలకు రూ.9.3 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, దాన్ని కొత్త పరికరాలకు ముట్టుకోకుండా ఉంచండి. తిమ్మిరి రికార్డుల్లోకి ఎక్కింది కాబట్టి ఇకమీదట ఏ ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు) నింపినా ఆ సంగతి తప్పక రాయండి. దాచిపెట్టిన తిమ్మిరి రేపు సంబంధంలేని క్లెయిమ్‌కు కూడా అడ్డం తిరుగుతుంది.

ప్రశ్న: నేను ఎముకల శస్త్రవైద్యుడిని. ధర్మవరం రోడ్డులో బైకు జారి కుడి మణికట్టులో స్కాఫాయిడ్ ఎముక విరిగింది. స్క్రూ వేశారు, పది వారాలు ఆపరేషన్లు చేయలేదు. నా పాలసీలో వారానికి రూ.10 వేల చొప్పున తాత్కాలిక సంపూర్ణ వైకల్య భత్యం ఉంది. నాలుగో వారం నుంచి ఓపీ చూశానని మొత్తం క్లెయిమ్ తిరస్కరించారు. న్యాయమేనా?
– శస్త్రవైద్యుడు, సాయినగర్, అనంతపురం

జవాబు: సగం న్యాయం, సగం కాదు. ఈ భత్యానికి రెండు రకాల మాటలు వాడతారు. "తన మామూలు వృత్తి చేయలేకపోతే" అని ఉంటే పది వారాలూ మీవే, ఎందుకంటే మీ మామూలు వృత్తిలో ఆపరేషన్లు ప్రధానం. "ప్రమాదం నాటికి తాను చేయగలిగిన ఏ రకమైన పనీ చేయలేకపోతే" అని ఉంటే, ఓపీలో కూర్చుని మందులు రాసిన రోజు నుంచి మీరు పనిచేసినట్టే. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న ప్రామాణిక ప్రమాద పాలసీ, సరళ్ సురక్షా బీమాలో ఉన్నది ఈ రెండో మాటే.

మీది రెండో రకమైనా మొదటి మూడు వారాలకు డబ్బు ఎగ్గొట్టడానికి కారణం లేదు. ఆ మూడు వారాలు మీరు ఏ పనీ చేయలేదు. రూ.30 వేలు అడగండి. మొదటి రకమైతే మొత్తం రూ.లక్ష అడగండి.

ఇలాంటి క్లెయిమ్‌లు పోయేది చాలావరకు సర్టిఫికెట్ దగ్గరే. "విశ్రాంతి సూచించడమైనది" అని రాస్తే అది వైకల్యం కాదంటారు. చికిత్స చేసిన డాక్టరు తేదీలు విడివిడిగా రాయాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఏ పనికీ అనర్హులు, ఆ తర్వాత ఫలానా తేదీ వరకు ఆపరేషన్లకు అనర్హులు, ఫలానా రోజున పూర్తి అర్హత. దాంతోపాటు డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు, ప్రమాదం గురించి పోలీసు రికార్డు లేదా ఆస్పత్రి రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నకలు, మీ ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌లో ఆ పది వారాలు ఖాళీగా ఉన్న పేజీలు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు జతచేయండి. డాక్టర్ల కుటుంబాల్లో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. భార్య కూడా డాక్టరే కదా అని ఆమె చేత సర్టిఫికెట్ రాయించుకుంటారు. దగ్గరి బంధువు ఇచ్చిన వైద్య పత్రాన్ని చాలా పాలసీలు నిర్వచనంలోనే కొట్టేస్తాయి. మీ ఆస్పత్రిలో మీ కిందే పనిచేసే డాక్టరు చేత కూడా వద్దు.

ముందు తిరస్కరణను, ఏ క్లాజు కింద తిరస్కరించారో ఆ నంబరుతో సహా, రాతపూర్వకంగా తెప్పించుకోండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరమో ఈమెయిలో పంపండి. బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చు, ఫోన్ అయితే 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. మన ఆంధ్రకూ ఆ కార్యాలయమే. కంపెనీ చివరి జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. రూ.50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల గడువుతో. మీ మొత్తం చిన్నదే కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లమంటాం.

ప్రశ్న: నాకు రూ.కోటి వృత్తి బాధ్యత బీమా, అదే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఉంది. నాకు దెబ్బ తగిలితే అది ఇస్తుందా?
– దంతవైద్యుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఇవ్వదు. అది మీ వైద్యంవల్ల నష్టపోయానని రోగి వేసే కేసుకు. మీ శరీరానికీ మీ సంపాదనకూ దానితో సంబంధం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి అమెరికాలో అనస్తీషియా రెసిడెన్సీ (ఆస్పత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణ) రెండో ఏడాదిలో ఉన్నాడు. ఇక్కడ ఉన్నప్పుడు నడుం నొప్పికి చికిత్స తీసుకున్నాడు. పని చేయలేకపోతే నెలనెలా భత్యమిచ్చే డిజేబిలిటీ పాలసీ తీసుకోమని అందరూ చెబుతున్నారట. ఎప్పుడైనా తిరిగి కడపకు వచ్చేయాలని ఉంది వాడికి. ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, ఏడురోడ్ల దగ్గర, కడప

జవాబు: తీసుకోవాల్సిన వయసు ఇదే, రెసిడెన్సీలోనే. కానీ నడుం నొప్పి ఉంది కాబట్టి దరఖాస్తు చేసే వరుస చాలా ముఖ్యం. అక్కడి అనేక రెసిడెన్సీ ప్రోగ్రాములకు వైద్య పరీక్షలు, ఆరోగ్య ప్రశ్నలు లేకుండా ఇచ్చే గ్యారంటీడ్ స్టాండర్డ్ ఇష్యూ పాలసీ ఉంటుంది. ముందుగా మామూలు పాలసీకి దరఖాస్తు పెట్టి, నడుం నొప్పివల్ల తిరస్కరణ తెచ్చుకుంటే, ఈ తలుపు కూడా మూసుకుపోయే ప్రమాదముంది. అందుకని ఏ ఫారం మీదా సంతకం పెట్టకముందే తన ఆస్పత్రిలో అలాంటి పాలసీ ఉందా, ఏ కంపెనీది అని కనుక్కోమనండి. లేదంటే అప్పుడు మామూలు దారి. అందులో వెన్నెముకను మినహాయించి పాలసీ ఇవ్వవచ్చు. ఆ మినహాయింపుతోనైనా తీసుకోవడమే మేలు.

నిర్వచనం దగ్గర మళ్లీ అదే మాట. నికరమైన ఓన్ ఆక్యుపేషన్ పాలసీలో మత్తుమందు ఇవ్వలేకపోతే, వేరే పని చేసి సంపాదిస్తున్నా పూర్తి భత్యం వస్తుంది. సవరించిన రకంలో వేరే పనిలో చేరగానే ఆగిపోతుంది. "వేరే పని చేయనంతవరకు" అన్న చిన్న మాటతో ఈ తేడా వస్తుంది. ఆస్పత్రి ఉద్యోగులందరికీ ఇచ్చే గ్రూపు పాలసీ సాధారణంగా మూలజీతంలో 60 శాతం, దానిమీద నెలవారీ పరిమితితో, మొదటి 24 నెలలు సొంత వృత్తి, ఆపై ఏ వృత్తయినా అనే పద్ధతిలో ఉంటుంది. ప్రీమియం యజమాని కట్టినదైతే వచ్చే డబ్బుకు పన్ను పడుతుంది. పన్ను కట్టిన తన సొంత డబ్బుతో ప్రీమియం కడితే వచ్చే భత్యానికి పన్ను ఉండదు. అందుకే గ్రూపు పాలసీ ఉంది కదా అని సొంత పాలసీ మానుకోకూడదు.

నాన్ క్యాన్సలబుల్, గ్యారంటీడ్ రెన్యూవబుల్ అనే రెండు మాటలూ ఉండాలి. అవి ఉంటే కంపెనీ మధ్యలో ప్రీమియం పెంచలేదు, పాలసీ తీసేయలేదు. వైకల్యం వచ్చాక భత్యం లెక్క మొదలయ్యేలోపు వేచివుండే కాలం ఎక్కువగా 90 రోజులు. కానీ భత్యం నెల గడిచాక ఇస్తారు కాబట్టి మొదటి చెక్కు చేతికొచ్చేసరికి సుమారు 120 రోజులవుతుంది. నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమనండి. భత్యం 65 లేదా 67 ఏళ్ల వరకు వచ్చేలా ఎంచుకోవాలి. మానసిక సమస్యలకు, మత్తు అలవాటుకు చాలా పాలసీలు 24 నెలలకే పరిమితం చేస్తాయి. రోజూ మత్తుమందుల మధ్యే పనిచేసే అనస్తీషియా వాళ్లు ఈ షరతును రెండుసార్లు చదవాలి.

రెసిడెంటుకు మొదట నెలకు 5,000 డాలర్ల వరకు, ఒక్కోసారి కొంత ఎక్కువ ఇస్తారు. రెండు రైడర్లు (పాలసీకి జతచేసే అదనపు రక్షణలు) వదులుకోవద్దు. మొదటిది, జీతం పెరిగినప్పుడు మళ్లీ ఆరోగ్య పరీక్ష లేకుండా భత్యం పెంచుకునే హక్కు. నడుం నొప్పి ఉన్నవాడికి ఇది మరీ అవసరం. రెండోది, పూర్తిగా పని పోకపోయినా ఆదాయం 15 లేదా 20 శాతం తగ్గితే ఆ మేరకు ఇచ్చేది. మిగతావి బడ్జెట్ చూసుకుని.

ఇక కడపకు తిరిగిరావడం. కొన్ని కంపెనీలు అమెరికా, కెనడా బయట నివసించేవారికి ఆరు నెలలో, ఏడాదో మాత్రమే భత్యమిచ్చి ఆపేస్తాయి. వైకల్యం వచ్చిన మనిషికి ఇంటికి, అమ్మానాన్నల దగ్గరికి రావాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే డబ్బు ఆగుతుందన్నమాట. ఈ క్లాజు ఎలా ఉందో, వీసా మారితే పాలసీ ఏమవుతుందో ఏజెంటు చేత ఈమెయిల్‌లో రాయించుకోమనండి, ఆపై పాలసీలో సరిచూసుకోమనండి. వీసా మీద ఉన్నవాళ్లను అన్ని కంపెనీలూ ఒకేలా చూడవు.

ప్రశ్న: కడప జిల్లాలో ప్రభుత్వ ఆస్పత్రిలో స్త్రీవైద్య నిపుణురాలిని. గ్లకోమా ముదిరి రెండు కళ్లలో చూపు పరిధి బాగా తగ్గింది. ఆపరేషన్లు చేయలేకపోతున్నాను. రాజీనామా చేస్తే గౌరవంగా ఉంటుందని తోటివారు అంటున్నారు. బీమా కూడా ఏమీ లేదు.
– ప్రభుత్వ వైద్యురాలు

జవాబు: దయచేసి రాజీనామా గాని, స్వచ్ఛంద పదవీ విరమణ గాని రాయకండి. మీకు బీమా కంటే పెద్ద రక్షణ చట్టంలో ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20, ఉపసెక్షన్ 4 ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పోస్టుకు సరిపడకపోతే అదే జీతంతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. సరైన పోస్టు దొరక్కపోతే దొరికేవరకు, లేదా పదవీ విరమణ వరకు, అదనపు పోస్టు సృష్టించి కొనసాగించాలి. మీరే రాజీనామా చేస్తే ఈ హక్కు మీ చేతులతో మీరే వదులుకున్నట్టు.

ముందు వైకల్య ధ్రువపత్రం. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి మెడికల్ బోర్డు ముందు హాజరవ్వండి. దృష్టి పరిధి పరీక్షల నివేదికలు మొదటి నుంచి ఉన్నవన్నీ తీసుకెళ్లండి. తర్వాత పై అధికారికి వినతి ఇవ్వండి. అందులో "ఆపరేషన్లు చేయలేను" అని ఆగిపోకుండా, చేయగలిగిన పనులు రాయండి: బోధన, మాతాశిశు ఆరోగ్య కార్యక్రమాల పర్యవేక్షణ, శిక్షణ, పరిపాలన. సెక్షన్ నంబరు పేర్కొనండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ప్రైవేటు ఆస్పత్రుల్లో పనిచేసేవారికి ఈ సెక్షన్ వర్తించదు. వారికి బీమా, పొదుపే దిక్కు.

ప్రశ్న: బీడీఎస్ పూర్తయింది, నంద్యాలలో క్లినిక్ తెరుస్తున్నాను. నాన్నగారికి బేతంచెర్లలో నాపరాళ్ల గని ఉంది, సాయంత్రాలు నేనూ చూసుకుంటాను. డబ్బు తక్కువ. ఏ బీమా ముందు?
– యువ దంతవైద్యుడు

జవాబు: చవకైనవాటితో మొదలుపెట్టండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ.20. ప్రమాదంలో రెండు కళ్లు లేదా రెండు చేతులు పోతే రూ.2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో పోతే రూ.లక్ష. మీ పేర బండి ఉంటే యజమాని డ్రైవరుకు రూ.15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. అది ఉందో లేదో బండి పాలసీలో చూసుకోండి. ఆ తర్వాత సొంత ప్రమాద బీమా. సరళ్ సురక్షా బీమా రూ.2.5 లక్షల నుంచి రూ.కోటి వరకు దొరుకుతుంది. వారపు భత్యం అందులో ఐచ్ఛికం, అడిగి చేర్పించుకోవాలి. వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం, అంటే రూ.50 లక్షలకు రూ.10 వేలు. ఇతర పాలసీల్లో 1 శాతం అని రాసి, కింద వారానికి ఇంతకు మించదని చిన్న పరిమితి పెడతారు. శాతం చూసి మోసపోకుండా ఆ పరిమితి అంకె అడగండి.

తర్వాత క్రిటికల్ ఇల్‌నెస్. ఇది ఒకేసారి మొత్తం ఇచ్చేస్తుంది, మళ్లీ పనిలో చేరారా లేదా అని అడగదు. అదే దీని బలం. బలహీనత నిర్వచనాల్లో ఉంది. పక్షవాతం లక్షణాలు కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. అంధత్వం అంటే రెండు కళ్లలోనూ అద్దాలతో దిద్దిన చూపు 3/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేది 3 మీటర్ల దగ్గరికి వెళ్తేనే కనబడటం) లేదా అంతకంటే తక్కువ, లేదా రెండు కళ్లలోనూ చూపు పరిధి 10 డిగ్రీలలోపు. ఒక కన్ను జబ్బుతో పోతే, దంతవైద్యుడికి లోతు అంచనా దెబ్బతింటుంది గాని పాలసీ నుంచి ఏమీ రాదు. బీమా నియంత్రణ సంస్థ నిర్వచనాలిచ్చిన 22 జబ్బుల్లో పార్కిన్సన్ లేదు. కొన్ని కంపెనీలు సొంతంగా చేరుస్తాయి, అవి వెతకండి. మొదటి 90 రోజుల్లో బయటపడిన జబ్బుకు సాధారణంగా డబ్బివ్వరు.

గని సంగతి ప్రపోజల్ ఫారంలో తప్పక రాయండి. ప్రమాద బీమాలో డాక్టర్లు అతి తక్కువ ప్రీమియం ఉండే మొదటి రిస్క్ వర్గంలో ఉంటారు. గనిలో నిలబడి పని చూసుకునేవారి వర్గం వేరు. వృత్తి అన్నచోట ఒక్క "దంతవైద్యుడు" అని రాసి, రేపు బేతంచెర్లలో రాయి మీద పడి చెయ్యి నలిగితే, క్లెయిమ్ ఫారంలో ప్రమాదం జరిగిన చోటు చూడగానే కంపెనీకి అనుమానం వస్తుంది. ప్రీమియం కొంత పెరిగినా సరే, "దంతవైద్యుడు, సొంత క్లినిక్, కుటుంబ గని పర్యవేక్షణ, వారానికి ఇన్ని గంటలు" అని రాసి, ఆ ఫారం నకలు దగ్గర ఉంచుకోండి. పాలసీ చేతికొచ్చాక అందులో వృత్తి ఎలా ముద్రించారో చూసి, తేడా ఉంటే ఫ్రీ లుక్ గడువు (నచ్చకపోతే పాలసీని తిరిగిచ్చేయగల మొదటి రోజులు) దాటకముందే దిద్దించుకోండి.